పండుగ రోజు సెలవు ఇవ్వకండి

మీ చేతి కింద పదిమంది పనిచేసినా, రెండు వందల మంది పనిచేసినా నేను చెప్పే మొదటి మాట ఇదే. పండుగ రోజు సెలవు ఇవ్వకండి. పండుగకు ముందు రోజు ఇవ్వండి.

కోరుట్లలో ఇరవై ఏండ్లకు పైగా హాజరు పుస్తకం రాసినవాణ్ణి నేను. మొదట బీడీ కార్ఖానాలో గుమాస్తాగా, తర్వాత రైస్ మిల్లులో. మా అక్కను ఇచ్చింది సిరిసిల్లలో, వాళ్లవి సాంచాలు, అంటే మరమగ్గాలు. ఈ మూడు చోట్లా చూసి నేర్చుకున్నవే ఈ సలహాలు. హైదరాబాద్‌లో ఎంబీఏ చేసిన మా మేనల్లుడు వీటిని విని, "మామా, నువ్వు చెప్పేటివన్నీ తలకిందులున్నయి. గిట్లయితే కంపెనీ నడవది" అన్నాడు. తలకిందులే కావచ్చు. ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

పండుగ రోజు సెలవు ఎందుకు వద్దంటున్నానంటే, ఆ రోజు ఎవరూ ఎలాగూ రారు. సద్దుల బతుకమ్మ నాడు కార్ఖానా తెరిచి కూర్చుంటే చాట పట్టుకుని వచ్చే మనిషి ఉండదు. రంజాన్ నమాజుకు ఈద్‌గాకు పోయేవాణ్ణి ఆపే మేనేజరు లేడు. మనం ఆపలేనిదాన్ని మనం ఇచ్చినట్టు రిజిస్టర్లో రాసుకుంటున్నాం. నిజంగా మన చేతిలో ఉన్నది ముందు రోజు. దాన్నే మనం పట్టుకుని వదలం.

సద్దుల బతుకమ్మ ఆట సాయంత్రం మొదలవుతుంది. దాని వెనక పని మాత్రం ముందు రోజు పొద్దున్నే మొదలవుతుంది. గుట్టల వెంట తిరిగి తంగేడు పువ్వు తేవాలి. గునుగు కోసి, కొసలు కత్తిరించి, కట్టలు కట్టి రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాలి. పువ్వు తెచ్చేది ఎక్కువగా మగవాళ్లే కాబట్టి సెలవు ఆడవాళ్లకు ఇస్తే చాలదు, మగవాళ్లకూ ఇవ్వాలి. రాత్రికి నువ్వులు వేయించాలి, పల్లీలు దంచాలి, మలీదకు రొట్టెలు కాల్చి బెల్లంతో ముద్దలు కట్టాలి. రంజాన్‌కు చాంద్‌రాత్ కూడా ఇంతే. నెలవంక కనబడిందన్న కబురు వచ్చాక ఆ రాత్రి బజారులో నిలబడే చోటు ఉండదు. సేమ్యాలు, పాలు, పిల్లల బట్టలు, టైలర్ దగ్గర మిగిలిపోయిన కుర్తా, అన్నీ ఆ కొద్ది గంటల్లోనే. ఆ సాయంత్రం ఏడు దాకా మనిషిని కూర్చోబెట్టి, "రేపు నీకు సెలవే కదా భాయ్" అనడం నేను చాలాసార్లు చూశాను. నేనూ అన్నాను.

బీడీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే పండుగ సెలవు అనే మాటకు అర్థమే లేని పని అది. బీడీలు చుట్టే మనిషికి ఆకు, తంబాకు తూకం వేసి ఇస్తాం. ఆమె ఇంటికి తీసుకుపోయి ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, దారం కట్టి, మూతి ముడిచి మరునాడు తెస్తుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చుట్టిన రోజే ఆమెకు పని రోజు, చుట్టని రోజు పస్తు రోజు. ఆమెకు సెలవు ఇవ్వడమంటే ఆకు ఇవ్వకపోవడం. ఆకు ఇవ్వకపోతే కూలి లేదు. అందుకని చాలా కార్ఖానాల్లో పండుగకు ముందు ఒక మంచి పని చేశామనుకుంటారు. రెండు రోజుల ఆకు ఒకేసారి ఇస్తారు. ముందే చుట్టేసుకుని పండుగ చేసుకోమంటారు.

ఈ పని చేయకండి. పండుగ ముందు ఆకు పెంచకండి, తగ్గించండి. ఇది నేను కళ్లారా చూసి చెప్తున్న మాట.

ఒకసారి సద్దుల బతుకమ్మ మరునాడు కట్టలు తీసుకుంటున్నాను. ఒకామె తెచ్చిన కట్టల్లో బీడీలు వదులుగా ఉన్నాయి. కొన్నింటి మూతి సరిగా ముడవలేదు. పక్కకు తీయబోతుంటే ఆకు మీద మరక కనబడింది. గులాబీ రంగు వేలిముద్ర. ఒకటి కాదు, కట్ట నిండా ఉన్నాయి. రాత్రంతా ఒకవైపు గునుగుకు రంగు వేస్తూ, ఒకవైపు బీడీలు చుట్టింది. చేతులు కడుక్కునే తీరిక లేక ఆ వేళ్లతోనే ఆకు మడిచింది. నాకు ఆ ముద్ర అర్థమైంది. అయినా పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం ఆ కట్టలు తీసేసి, వాటి మేరకు కూలి కోశాను. ఆమె ఏమీ అనలేదు. చాట ఎత్తుకుని, "సరే అన్నా" అని వెళ్లిపోయింది.

అందుకే చెప్తున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో మీకు లోడు వేయక తప్పని రోజు ఒకటి కావాలంటే ఆరో రోజు పెట్టుకోండి. ఆ రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు, ఆడరు. ఆ ఒక్క రోజు ఆడమనిషికి సాయంత్రం ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీ కూడా ఆమెకే వదిలేస్తే ఇంకా మంచిది, వదలలేకపోతే ఆ రోజే అడగండి. మొదటి రోజు ఎంగిలిపూల నాడు, సద్దుల ముందు రోజు అడగకండి. ఈ చిన్న సంగతి తెలియక కార్ఖానాల్లో ఎన్ని తిట్లు, ఎన్ని అబద్ధపు కడుపునొప్పులు నడిచాయో నాకు తెలుసు.

రెండో సలహాకు మా మేనల్లుడు ఇంకా ఎక్కువ కోపం తెచ్చుకున్నాడు. అందరికీ ఒకే సెలవు పట్టిక పెట్టకండి అన్నాను. అట్లయితే న్యాయం ఎక్కడుంటుంది మామా అన్నాడు. నేను వేములవాడ సంగతి చెప్పాను. సిరిసిల్లలో సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు. కొన్ని కిలోమీటర్ల దూరంలో, అదే జిల్లాలో ఉన్న వేములవాడలో ఏడో రోజే సద్దులు. సిరిసిల్ల సాంచాల షెడ్డులో వేములవాడ ఆడబిడ్డ పనిచేస్తుంటే ఆమె పండుగ మీ పట్టికలో లేదు. మీరిచ్చిన సెలవు నాటికి ఆమె పుట్టింటి బతుకమ్మ నీళ్లలో కలిసి రెండు రోజులైంది. ఒకే జిల్లాలో, ఒకే దేవతకు, ఒకే పాట పాడే వాళ్లకే ఒక తేదీ కుదరడం లేదు. ఇంక మతాలన్నిటికీ కలిపి ఒక పట్టిక ఎట్లా కుదురుతుంది?

సర్కారు పట్టిక కూడా చూడండి. 2024లో బతుకమ్మ మొదలైన రోజు అక్టోబరు 2. గాంధీ జయంతి. ఆ ఏడు దసరా రెండో శనివారం వచ్చింది. 2025లో బతుకమ్మ మొదలైన రోజు ఆదివారం, దసరా మళ్లీ గాంధీ జయంతి నాడు. కాగితం మీద రెండు సెలవులు, గోడ మీద ఒకటే రోజు. అట్లా కలిసిపోయిన సెలవును మింగేయకండి. ఇంకో రోజు కలిపి ఇవ్వండి. నష్టం కదా అంటారు. నష్టమే. ఇవ్వండి.

మూడోది, కారణం అడగకండి. మతం అసలే రాయించుకోకండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఐచ్ఛిక సెలవులు ఉంటాయి. ఏడాదికి ఐదు మించకుండా, ఏ మతం వారైనా ఏ పండుగకైనా వాడుకోవచ్చు. మన రాష్ట్రపు సెలవు నిబంధనలన్నిట్లో నాకు బాగా నచ్చిన నిబంధన ఇది. మన ఊళ్ల తీరు తెలిసినవాళ్లు రాసిందనిపిస్తుంది. మొహర్రంలో పీరు ఎత్తుకునే మనిషి పేరు చూస్తే హిందువే అయ్యుండొచ్చు. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది. కోడె మొక్కు చెల్లించిన చేతులే అక్కడా మొక్కుతాయి. పేరు చూసి పండుగ అంటగట్టే సూపర్‌వైజరు పీర్ల పండుగ నాడు పీరు ఎత్తుకోవాల్సిన మనిషికి డ్యూటీ వేస్తాడు. మా మిల్లులో ఇలా ఒకసారి జరిగింది. ఆ మనిషి పదో రాత్రి అలావు నిప్పుల గుండం దగ్గర ఉండాల్సినవాడు, లారీ దగ్గర బస్తాలు లెక్కపెట్టాడు. ఏండ్లు గడిచినా మాటల్లో ఆ రాత్రి వచ్చేది.

నాలుగోది అందరూ మెచ్చుకునే పద్ధతి. నాకు మాత్రం నచ్చదు. "మీ పండుగకు మేం చేస్తాం, మా పండుగకు మీరు చేయండి" అనే మార్పిడి. వినడానికి అన్నదమ్ముల మాటలా ఉంటుంది. లెక్క వేయండి. షెడ్డులో ముప్పై మంది ఉన్నారనుకోండి, ముస్లింలు ముగ్గురు. రంజాన్ నాడు ఆ ముగ్గురి సాంచాలు మిగతా ఇరవై ఏడు మంది చూసుకుంటారు. ఒక్కొక్కరి మీద పడే బరువు ఎంత? లేనట్టే. దసరా నాడు ఇరవై ఏడు మంది సాంచాలు ఆ ముగ్గురు నడపాలి. మార్పిడి పేరు మీద మనం చేస్తున్నది తక్కువమంది ఉన్నవాళ్ల మీద మోత పెంచడం. అందుకని దసరాకు షెడ్డు బంద్ పెట్టండి. రంజాన్‌కు కూడా ఆ ముగ్గురి సాంచాలు బంద్ పెట్టండి, వేరేవాళ్లకు అప్పగించకండి. భీము మీద నూలు ఒక రోజు ఆగితే పాడవదు.

సిరిసిల్లలో ఇంకో బాధ ఉంది. 2017లో సర్కారు బతుకమ్మ చీరల పథకం మొదలుపెట్టినప్పటి నుంచి ఏటా కోటి దాకా చీరలు. ఆ ఆర్డరు మాకు అన్నం పెట్టింది, కాదనను. పనిలేక ఉరేసుకున్న నేతన్నల ఊరు అది, ఆ నెలలు చేతి నిండా పని చూసింది. కానీ చీర పండుగకు ముందే ఊళ్లకు చేరాలి కాబట్టి గడువు ఎప్పుడూ పండుగ మీదికే వస్తుంది. రాత్రి పాళీ, పగటి పాళీ. రాష్ట్రమంతా కట్టుకునే చీర నేస్తున్న ఇంట్లో మగవాడు గుట్టకు పోయి తంగేడు తేలేడు. ఆ ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది, తర్వాత మహిళా సంఘాల చీరల పేరుతో ఆర్డర్లు వచ్చాయి. పేరు ఏదైనా, ఆర్డరు ఇచ్చేవాళ్లకు నా విన్నపం ఒకటే. గడువు ఎంగిలిపూల అమావాస్యకు నెల ముందు పెట్టండి, నూలు అంతకు ముందే ఇవ్వండి. నూలు ఆలస్యంగా ఇచ్చి గడువు మాత్రం జరపకపోతే ఆ నడుమ నలిగేది నేసేవాడి పండుగే.

రంజాన్ నెల గురించి. 2025లో ప్రభుత్వం మార్చి 2 నుంచి 31 దాకా ముస్లిం ఉద్యోగులు సాయంత్రం నాలుగింటికే వెళ్లవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. దాని మీద గొడవ కూడా అయింది, వాళ్లకే ఎందుకని. నా సలహా ఇటువాళ్లకూ అటువాళ్లకూ నచ్చదు. అందర్నీ పంపండి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లను అడగండి. దుబాయ్‌లో రంజాన్ నెలంతా రోజుకు రెండు గంటల పని తగ్గుతుంది, అదీ ఉపవాసం ఉన్నవాళ్లకు మాత్రమే కాదు, అందరికీ. మన ఊరి నర్సింహులుకూ, రాజన్నకూ, మల్లయ్యకూ ఆ రెండు గంటలు దొరికాయి. అక్కడ తీసుకున్న మనం ఇక్కడ ఇవ్వడానికి ఎందుకు వెనకాడతాం? ఒకే గంటకు అందరూ లేస్తే ఎవడూ ఎవణ్ణీ చూసి మూతి తిప్పడు. ఒక్కణ్ణి పంపి పదిమందిని కూర్చోబెడితే ఆ ఒక్కడు వెళ్లేటప్పుడు తల వంచుకుని పోతాడు. అట్లా తల వంచుకుని ఇఫ్తార్‌కు పోయిన మనుషుల్ని చూశాను.

జనవరిలో ఏడాది మొత్తానికి క్యాలెండరు వేసి గోడకు కొట్టకండి. చంద్రుడు మీ మాట వినడు. హిజ్రీ ఏడు 354 రోజులు, ఒక్కోసారి 355. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ముప్పై మూడేండ్లకు అన్ని రుతువులూ తిరిగి వస్తుంది. మన తెలుగు నెలలూ చంద్రుడివే కానీ మధ్యలో అధికమాసం వేసి సర్దుకుంటాం. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో దసరా అక్టోబరు 20కి పోయింది. అంటే ముందటి ఏడాది మీద పద్దెనిమిది రోజులు వెనక్కి. అప్పటికి వానాకాలం వడ్లు మిల్లుకు రావడం మొదలై ఉంటుంది. ముందటి ఏటి లెక్కతో కూలీలను మాట్లాడుకున్న మిల్లు ఇరుక్కుంటుంది. 2025 మార్చిలో ఇంకో ఇరుకు చూశాం. 30న ఉగాది, 31న రంజాన్. ఆ 31 ఆర్థిక సంవత్సరం ఆఖరు రోజు. సర్కారు లెక్కల కోసం ఆ రోజు ఆ పని చూసే బ్యాంకులు తెరిచి ఉంచాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. పండుగ నాడు కౌంటర్లో కూర్చున్నవాళ్లు ఎవరో మనకు తెలియదు, వాళ్ల ఇళ్లలో షీర్ ఖుర్మా మాత్రం చల్లారి ఉంటుంది. ప్రైవేటు వాళ్లకు ఆ ఇబ్బంది లేదు. మీ పుస్తకాలు మార్చి 28కే మూసేయండి. ముప్పై ఒకటి దాకా లాగమని ఏ దేవుడూ చెప్పలేదు.

ఇక రైస్ మిల్లులో నేర్చుకున్నది. నేను చెప్పే వాటిలో ఇదే యజమానులకు మింగుడుపడనిది. మన మిల్లుల్లో బస్తా ఎత్తేవాళ్లు చాలామంది బీహార్ మనుషులు. వాళ్ల పెద్ద పండుగ ఛఠ్, దీపావళి తర్వాత ఆరో రోజు. సరిగ్గా వడ్లు వచ్చే సమయం. పండుగ నాలుగు రోజులు. రానుపోను రైళ్లకు ఇంకో ఐదారు. నాలుగు రోజుల సెలవు ఇచ్చానని చెప్పుకునే మిల్లు వాళ్లకు సెలవు ఇవ్వనట్టే. పది రోజులు ఇవ్వండి. ఎవరు పోవాలో ఎవరు ఉండాలో మీరు తేల్చకండి, వాళ్ల మేస్త్రీకి వదిలేయండి. సగం మంది హోలీకి, సగం మంది ఛఠ్‌కు అని వాళ్లే పంచుకుంటారు. పోయేముందు బాకీ మొత్తం ఇచ్చేయండి. సగం కూలి ఆపుకుంటే తిరిగి వస్తారని అందరూ అనుకుంటారు. కూలి ఆపితే మనిషి ఇంటికి ఉత్త చేతులతో పోతాడు. పండుగకు అప్పు చేస్తాడు. ఆ అప్పు తీర్చడానికి ఎక్కువ కూలి ఇచ్చే ఇంకో మిల్లు వెతుక్కుంటాడు.

2020 గుర్తుందా? హోలీకి ఇళ్లకు పోయిన మిల్లు కూలీలు లాక్‌డౌన్‌లో బీహార్‌లోనే ఆగిపోయారు. ఇక్కడ యాసంగి వడ్లు కుప్పలు పడ్డాయి. మే 1న దేశంలోని మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి వలస కూలీలను ఎక్కించుకుని ఝార్ఖండ్‌లోని హటియాకు పోయింది. దేశమంతా కూలీలు ఊళ్లకు పోతున్న రోజులవి. వారం తిరిగేసరికి, మే 8న, బీహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు ఎదురు దిశలో వచ్చింది. అందులో రెండు వందల మందికి పైగా ఉన్నారు. మన రాష్ట్రపు రైస్ మిల్లుల్లో పనికి వచ్చినవాళ్లు. మంత్రులు స్టేషన్‌కు పోయి పూలతో స్వాగతం పలికారు. హోలీకి పంపినందుకు మిల్లులు నష్టపోయాయని ఆ రోజుల్లో విన్నాను. వాళ్లు ఆ జబ్బు కాలంలో కూడా రైలెక్కి తిరిగి రావడమే నాకు గుర్తుండిపోయింది.

ఖర్చు మాట. లెక్కల మీద బతికేవాణ్ణి కాబట్టి అవి నాకూ తెలుసు. అమెరికాలో ఒక పోస్టల్ ఉద్యోగి ఆదివారం తన ప్రార్థన రోజని, ఆ రోజు పార్సిళ్లు పంచనని పట్టుబట్టాడు. ఉద్యోగం వదులుకుని కోర్టుకు వెళ్లాడు. 2023 జూన్ 29న అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది, చిన్నాచితకా ఇబ్బంది చూపించి కాదనడం చెల్లదని, వ్యాపారానికి గట్టి నష్టం ఉంటేనే కాదనాలని. మనకు అంత దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలోనే 1974లో ఫ్యాక్టరీలకు, సంస్థలకు జాతీయ, పండుగ సెలవుల చట్టం వచ్చింది. అందులో జాతీయ దినాలతో పాటు పండుగ సెలవులు ఉన్నాయి. అవి జీతంతో ఇచ్చే సెలవులు. సెలవు రోజున పని చేయించుకుంటే రెట్టింపు కూలి ఇవ్వాలి, లేదా కూలితో పాటు బదులు సెలవు ఇవ్వాలి. బీడీ కార్మికులకు 1966 నుంచి 2025 దాకా వేరే చట్టం ఉండేది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లు కూడా దాని కిందికి వచ్చేవారు. ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు అందులో రాసి ఉండేది.

నేను హాజరు పుస్తకం రాసిన మొదటి ఏండ్లలో ఈ రెండు చట్టాల పేర్లు కూడా నాకు తెలియవు. తెలిశాక మా సేటుకు చెప్పాను. వెయ్యి బీడీల లెక్క మీద బతికే మనిషికి పండుగ రోజు కూలి ఎట్లా కడతారు అని అడిగాడు. కిందటి నెల ఆమె తెచ్చిన కట్టలన్నీ కలిపి, పనిచేసిన రోజులతో భాగించండి, వచ్చింది ఆమె ఒక రోజు కూలి, అది ఇవ్వండి అన్నాను. ఐదో తరగతి లెక్క. ఒకే ఒక్క దసరాకు ఇచ్చారు, మరుసటి ఏడు మానేశారు. ఆ ఒక్క దసరాకు ముందు వారం కట్టలు ఎప్పుడూ లేనంత శుభ్రంగా వచ్చాయి. నేను తీసేసిన బీడీలు గుప్పెడు కూడా లేవు.

ఆ గులాబీ రంగు వేలిముద్రల కట్టలకు కోసిన కూలి నేను ఆమెకు తిరిగి ఇవ్వలేదు. ఇవ్వాలని తట్టేసరికి ఆమె పని మానేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఈసారి ఎంగిలిపూలకు వారం ముందే మీ పుస్తకం తీయండి. ఆకు తగ్గించండి, కూలి తగ్గించకండి.